తేనె, మందు, పాఠకుడు: జంషెడ్‌పూర్ నుంచి చూసిన బౌద్ధ పుస్తకాలు

బౌద్ధ గ్రంథాన్ని తూచడానికి రెండు త్రాసులు వాడుకలో ఉన్నాయి. పరిశోధకుడు ఆధారాలు చూస్తాడు. శాసనపాఠం సరిగా ఉన్నదా, కాలనిర్ణయం నిలుస్తుందా అని అడుగుతాడు. భిక్షువు ధర్మం చూస్తాడు. చెప్పినది సూత్రవినయాలకు ఒదుగుతుందా అని అడుగుతాడు. ఈ రెండు త్రాసులలోనూ తూగిన పుస్తకం సామాన్య పాఠకుని చేతిలో ముప్పయ్యో పుట దాటకుండానే మూతపడవచ్చు. రెండింటిలోనూ తూగని పుస్తకం అతనిని తెల్లవార్లూ మేలుకొలిపి ఉంచవచ్చు. విసుగు, ఆనందం అనే ఈ మూడవ తీర్పును సమీక్షలు సాధారణంగా లెక్కలోకి తీసుకోవు. అది అభిరుచికి సంబంధించిన విషయమని, శాస్త్రానికి పనికిరాదని పక్కన పెడతాయి. కాని పాఠకుని విసుగు వెనుక చాలాసార్లు ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంటుంది. అతని ఆనందం వెనుక ఒక సరైన గుర్తింపు ఉంటుంది. ఆ ఫిర్యాదు ఏమిటో, ఆ గుర్తింపు ఏమిటో తెలుగులో దొరికే బౌద్ధ పుస్తకాలు, వాటికి ఆధారమైన గ్రంథాలు కొన్నింటిని ముందు పెట్టుకొని పరిశీలించవలసి ఉన్నది.

ఈ పరిశీలనకు జంషెడ్‌పూర్ తగిన చోటు. సుబర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం దగ్గర సాక్చి అనే పల్లె ఉన్నచోట ఉక్కు కర్మాగారం వెలసింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఆ కర్మాగారంలోను, దాని చుట్టూ పెరిగిన పరిశ్రమలలోను పనికోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్ళిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. ఈ కుటుంబాలు విడిచి వచ్చిన నేల బౌద్ధక్షేత్రాల నేల. శ్రీకాకుళం వైపు వంశధార ఒడ్డున శాలిహుండం ఉన్నది. విజయనగరం దగ్గర రామతీర్థం, అనకాపల్లి దగ్గర శంకరం, విశాఖ తీరాన తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. సాక్చి పేరు మారిన 1919లోనే శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను గిడుగు వేంకట రామమూర్తి గుర్తించారు. ఒక తరం తెలుగువారు కొలిమి దగ్గరకు బయలుదేరుతున్న కాలంలోనే, వారు విడిచిన ఊళ్ళ పక్కన వారి పూర్వచరిత్ర బయటపడడం మొదలైందన్నమాట.

జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పాఠకునికి ఆ చరిత్ర పుస్తకంలోనే దొరకాలి. ఇంట్లో తెలుగు వింటాడు, బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతాడు, తెలుగు అక్షరం పట్టుదలతో నిలుపుకొంటే నిలుస్తుంది. శాలిహుండం కొండ ఎక్కి స్తూపాల మధ్య నడిచే వీలు ఏ సెలవుల్లోనో తప్ప రాదు. నిజానికి ఈ స్థితి అతని ఒక్కడిదే కాదు. అమరావతి మహాచైత్యపు శిల్పాలలో అధికభాగం చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉన్నది. నాగార్జునకొండ లోయ జలాశయం అడుగున ఉన్నది. 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాలలో దొరికినవి, అక్కడి నుంచి తరలించి మళ్ళీ నిలిపినవి మాత్రమే పైన మిగిలాయి. గుంటూరులో ఉన్న పాఠకుడు కూడా ఆంధ్ర బౌద్ధాన్ని ప్రధానంగా పుటల మీదనే చూస్తున్నాడు. దూరంలో ఉన్నవానికి ఆ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది, అంతే. పుస్తకం తప్పు చెబితే సరిదిద్దడానికి అతని దగ్గర రాయి లేదు, శాసనం లేదు, చెప్పేవారూ లేరు. అందుచేత అతని నిరుత్సాహాన్ని తేలికగా తీసుకోరాదు.

అతని తీర్పుకు కొలమానం బౌద్ధ వాఙ్మయంలోనే ఉన్నది. అశ్వఘోషుడు సౌందరనందాన్ని ముగిస్తూ తన పద్ధతిని దాచకుండా చెప్పాడు. చేదుమందును తేనెతో కలిపి తాగించినట్టు, మోక్షవిషయాన్ని కావ్యరసంతో కలిపి ఇచ్చానని, చదివేవారు వినోదం కోసం కాక ఉపశాంతి కోసం దీనిని స్వీకరించాలని ఆయన భావం. కవి తేనె కలిపాడు. కలిపానని చెప్పాడు. ఏది తేనెయో ఏది మందో వేరుచేసి చూసుకొనే అవకాశం పాఠకునికి ఇచ్చాడు. పాళీ సంప్రదాయం ధర్మానికి చెప్పే లక్షణాలలో 'ఏహిపస్సిక' ఒకటి. వచ్చి చూడమని పిలిచేది, పరీక్షకు నిలిచేది అని దాని అర్థం. ధర్మానికి ఉన్న ఈ లక్షణం ధర్మాన్ని గురించి వ్రాసిన పుస్తకానికీ ఉండాలి. పాఠకుని నిరాశపరచే పుస్తకాలలో తరచుగా లోపించేది ఇదే.

నివేదికలు, శాసనాలు

ముందుగా తవ్వకాల నివేదికలు. శాలిహుండం మీద ఆర్. సుబ్రహ్మణ్యం వ్రాసిన నివేదికను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో ప్రచురించింది. స్తూపాలు, చైత్యగృహాలు, మృణ్మయ పాత్రలు, తారా మారీచీ మూర్తులు మొదలైన వాటిని అది క్రమంగా నమోదు చేసింది. పరిశోధకునికి అది విడువరాని గ్రంథం. కాని అది ఇంగ్లీషులో ఉన్నది. తెలుగు వ్రాత ప్రజల భాషకు దగ్గర కావాలని జీవితమంతా పోరాడిన గిడుగువారు గుర్తించిన క్షేత్రాన్ని గురించిన ప్రధాన గ్రంథం ఆ ప్రజల భాషలో లేకపోవడం ఆలోచించవలసిన సంగతి. ఇంగ్లీషు వచ్చిన పాఠకునికైనా అందులో దొరికేవి ప్రధానంగా కొలతలు, పొరలు, పెంకుల రకాలు. ఇది రచయిత లోపం కాదు. నివేదిక ధర్మమే అది. లోపం తరువాత వచ్చిన వారిది. ఈ నివేదికల నుంచి సామాన్యుని కోసం పుస్తకాలు కూర్చినవారు చాలామంది కొలతలను మాత్రమే ఎత్తుకొన్నారు. స్తూపం వ్యాసం ఇన్ని అడుగులు, ఇటుక పొడవు ఇన్ని అంగుళాలు, తరువాతి క్షేత్రం ఇన్ని మైళ్ళు. నలభై క్షేత్రాలు ఇలా చదివిన పాఠకునికి ఒక్క క్షేత్రమూ గుర్తుండదు. అక్కడ ఎవరు ఉండేవారు, ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అనే ప్రశ్నలు మొదటి పుటలో ఎలా ఉన్నాయో చివరి పుటలోనూ అలాగే ఉంటాయి. ఇలాంటి పుస్తకం అబద్ధం చెప్పదు. చూడమని పిలవదు కూడా.

పొడిగా ఉండడమే విసుగుకు కారణమైతే, జె. ఫ్. వోగెల్ నాగార్జునకొండ ప్రాకృత శాసనాల మీద ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో (1929–30) ప్రకటించిన వ్యాసం అన్నిటికన్న విసుగు పుట్టించాలి. అది శాసనపాఠం, అనువాదం, పాదటిప్పణులు తప్ప మరేమీ కాదు. అయినా ఓపిక పట్టి చదివినవారికి అది నవలకు తీసిపోని ఆనందం ఇస్తుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనాసంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చుల ధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, తంబపణ్ణి థేరవాద ఆచార్యులకు సమర్పించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, తోసలి మొదలైన దేశాలవారిని ప్రసన్నులను చేసిన ఆచార్యులని శాసనం వారిని వర్ణించింది. ఆ పుణ్యంలో బోధిసిరి తనవారందరికీ వాటా ఇచ్చింది. భర్త, తండ్రి, తల్లి, సోదరులు, సోదరి, సోదరుల పిల్లలు ఒక్కొక్కరూ పేరుతో నిలుచున్నారు. ఇతర క్షేత్రాలలో తాను చేయించిన దానాలను కూడా ఆమె ఒకటొకటిగా ఎంచి చెప్పుకొన్నది. చివరగా పని పర్యవేక్షించిన ముగ్గురు థేరుల పేర్లు, ఆపైన ఆ పని విధికుడు అనే శిలావర్ధకిది అన్న మాట.

ఉక్కునగరంలో బతికే పాఠకునికి ఆ చివరి మాట దగ్గర చూపు ఆగుతుంది. పదిహేడు వందల ఏళ్ళ కిందటి ఒక రాతిపనివాని పేరు, దాతల పేర్ల వరుసకు చివరనే అయినా, అదే రాతిమీద చెక్కి ఉన్నది. రాజుల వంశక్రమం చెప్పే పుస్తకాలు ఈ పేరును విడిచిపెడతాయి. క్షేత్రాల జాబితాలు వ్రాసేవారు ఇక్కడిదాకా రారు. బౌద్ధం ఆంధ్రదేశంలో ఎలా నిలిచింది అన్న ప్రశ్నకు ఉపాసికలు, థేరులు, పనివారు కలిసి చెప్పిన సమాధానం ఈ ఒక్క శాసనంలో ఉన్నది. వోగెల్ మరొక మేలు కూడా చేశాడు. అక్షరం చెరిగినచోట చెరిగిందని, అర్థం సందేహమైనచోట సందేహమని టిప్పణిలో వ్రాశాడు. పాఠకుడు ఎంతవరకు నమ్మవచ్చో ఎక్కడ ఆగాలో ఆ టిప్పణులే చెబుతాయి. ఒక పుస్తకం పొడిదనం పాఠకునికి అడ్డు కాదు, అందులో మనుషులు లేకపోవడమే అడ్డు అని ఈ వ్యాసం తేలుస్తుంది.

నవలలు

ఇదే లోయ మీద తెలుగులో వచ్చిన ప్రసిద్ధ నవల అడివి బాపిరాజు 'అడివి శాంతిశ్రీ'. శాతవాహన కాలాన్ని ఆయన 'హిమబిందు'లో చిత్రించారు. ఇక్ష్వాకు కాలాన్ని ఇందులో పట్టుకొన్నారు. నాయిక పేరు శాసనాలలోనిది. అడవి చాతిసిరి చాంతమూలుని కుమార్తె, వీరపురుషదత్తుని సోదరి, ధనక వంశీయుడైన ఖందవిశాఖుని భార్య. మహాచైత్యం దగ్గర ఆమె దానం చేసిన స్తంభం మీద ఈ సంగతులు ఉన్నాయి. ఇంతకు మించి శాసనాలు ఆమె జీవితాన్ని గురించి చెప్పవు. నవలలోని ప్రణయం, సంభాషణలు, అంతర్మథనం బాపిరాజు కల్పన.

ఈ నవల ఆనందం ఇస్తుందని చెప్పడానికి సంకోచం అక్కరలేదు. బాపిరాజు చిత్రకారుడు. కృష్ణాతీరాన్ని, విజయపురిని, చైత్యాల వెలుగునీడలను ఆయన రంగులతో చూసి మాటలలో పెట్టారు. జలాశయం అడుగుకు చేరిన లోయ తెలుగు పాఠకుని ఊహలో ఇంకా ఎండలో ఉన్నదంటే అందులో ఈ నవల పాలు తక్కువ కాదు. నిరుత్సాహం మరొకచోట ఉన్నది. పాత్రలన్నీ ఒకే ఎత్తున, ఒకే మృదుస్వరంతో మాట్లాడతాయి. బోధిసిరి శాసనంలో ఒక్కొక్క పేరుకు ఉన్న నిక్కచ్చితనం నవలలోని పరిచారికలకు, పనివారికి లేదు. విధికునివంటి శిల్పి అక్కడ అందమైన ప్రతీక అవుతాడే గాని, చేతులు కాయలు కాసిన మనిషి కాడు.

అయినా ఇది నవలాకారునికి తప్పుగా కట్టవలసిన సంగతి కాదు. ఆయన నవల అని పేరు పెట్టి నవల వ్రాశారు. తేనె అని చెప్పి తేనె ఇచ్చారు. బాధ్యత తరువాతి ముద్రణలు వేసేవారిది. నాలుగు పుటల అనుబంధంలో ఏ పేరు శాసనంలోనిది, ఏ బంధుత్వం శాసనసమ్మతం, ఏది రచయిత ఊహ అని చెబితే చాలు. అది లేనందువల్ల నవలలోని బంధుత్వాలు చరిత్రవ్యాసాలలోకి, అక్కడి నుంచి స్మారకసంచికలలోకి చేరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దూరాన ఉన్న పాఠకుడు వాటిని విడదీయలేడు.

రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు' జంషెడ్‌పూర్ పాఠకునికి మరొక విధంగా దగ్గరిది. ఇప్పటి ఝార్ఖండ్‌లోని హజారీబాగ్ సెంట్రల్ జైలులో ఉండగా 1942లో రాహుల్ ఈ కథలకు ముందుమాట వ్రాశారు. క్రీ.పూ. 6000 నుంచి 1942 వరకు సాగే ఇరవై కథల ఈ పుస్తకం తెలుగులో ఎన్నో ముద్రణలు పొందింది, తరాల పాఠకులను సంపాదించుకొన్నది. ఇందులో 'ప్రభ' కథకు నాయకుడు అశ్వఘోషుడే. సాకేతానికి చెందిన కవి, సువర్ణాక్షి కుమారుడు. ఈ రెండు వివరాలూ అశ్వఘోషుని కావ్యాల పుష్పికలలో ఉన్నవే. నాటకకర్త అన్నదీ నిరాధారం కాదు. తుర్ఫాన్‌లో దొరికిన తాళపత్ర శకలాలలో 'శారిపుత్ర ప్రకరణం' అనే తొమ్మిది అంకాల నాటకం అశ్వఘోషుని పేరుతో ఉన్నదని 1911లో లూడర్స్ ప్రకటించాడు. యవన కన్య ప్రభ, ఆమె ప్రేమ, ఆమె ఆత్మత్యాగం రాహుల్ కల్పన.

కథ చదివించే వేగం అసాధారణం. తర్కంలో మునిగిన భిక్షుసంఘం, నాట్యరంగం, వర్ణవ్యవస్థ మీద తిరగబడే యువకవి, అన్నీ ముప్పై పుటలలోపే ప్రాణం పోసుకొంటాయి. రాహుల్ స్వయంగా శ్రీలంకలో భిక్షుదీక్ష తీసుకొన్నవాడు. టిబెట్ మఠాల నుంచి సంస్కృత బౌద్ధ గ్రంథాలను వెలికి తెచ్చినవాడు. ఆ ప్రపంచం ఆయనకు బయటిది కాదు. అయినా ఒక లోటు పాఠకునికి తగులుతుంది. ఆయన కథలలో బౌద్ధులు ఎక్కువగా రాబోయే సమాజవాదానికి ముందుగా వచ్చిన దూతలుగా కనిపిస్తారు. ధ్యానం, వినయం, నిర్వాణం అనే మాటలు వాదనకు పనికివచ్చినంతవరకే వినిపిస్తాయి. అశ్వఘోషుడు ఇంద్రియసంయమాన్ని, స్మృతిని గురించి సర్గల తరబడి ఎందుకు వ్రాశాడో 'ప్రభ' చదివినవారికి తెలియదు. ప్రతి కథ వెనుక అపారమైన సామగ్రి ఉన్నదని రాహుల్ ముందుమాటలో చెప్పుకొన్నారు. అది నిజమే. కాని ఏ కథ దగ్గర ఏ సామగ్రి ఆగిపోయి ఊహ మొదలైందో ఆయన గుర్తు పెట్టలేదు. సామగ్రి ఉన్నదన్న హామీ ఇచ్చి, దాని హద్దు చూపకపోవడం బాపిరాజు మౌనంకన్న ఎక్కువగా పాఠకుని దారి తప్పించగలదు.

కావ్యాలు, జీవితచరిత్రలు

బుద్ధుని మీద ఆధునిక కావ్యాలలో ఎడ్విన్ ఆర్నాల్డ్ 'లైట్ ఆఫ్ ఆసియా' (1879) ప్రభావం అనేక భారతీయ భాషలకు ప్రాకింది. ఎనిమిది సర్గల ఆ కావ్యం ఒక కల్పిత బౌద్ధభక్తుని నోట సాగుతుంది. దాని తరువాత మన భాషలలో వచ్చిన బుద్ధగాథలలో పాఠకుని మనసును పట్టేది మహాభినిష్క్రమణ రాత్రి. నిద్రించే యశోధర, గడప దగ్గర ఆగిన సిద్ధార్థుడు, కంథకం, ఛన్నుడు. కరుణరసం పొంగే ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా కన్ను తడుస్తుంది. ఆ తరువాత నలభై ఐదేళ్ళ ధర్మప్రచారం చాలా కావ్యాలలో తొందరగా ముగిసిపోతుంది. పాఠకుడు రాకుమారుని ఎరుగుతాడు, బుద్ధుని ఎరుగడు. కావ్యం మూసిన తరువాత మిగిలేది జాలి. ఆ రాకుమారుడు ఇల్లు విడిచి వెతికిన దుఃఖకారణం ఏమిటో, దొరికిందో లేదో పాఠకుడు మరొకచోట తెలుసుకోవాలి.

ఈ దృష్టితో పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు జంటగా వ్రాసిన 'సౌందరనందము'ను మూలంతో కలిపి చదవడం మేలు. అశ్వఘోషుని మూలం నేపాళ ప్రతుల ఆధారంగా 1910లో హరప్రసాద శాస్త్రి సంపాదకత్వంలో వెలుగు చూసింది. అంతదాకా అచ్చుకు రాని కావ్యం ఆ తరువాత తెలుగులో కొత్తరూపు దాల్చడం మన సాహిత్యం చురుకుదనానికి సాక్ష్యం. తెలుగు కావ్యం అక్షరానువాదం కాదు. పద్యం నడక, భావం నిగ్రహం, నందసుందరుల అన్యోన్యం దానిని ఆధునిక తెలుగు పద్యకావ్యాల ముందువరుసలో నిలిపాయి. కాని మూలంలో 18 సర్గలు ఉన్నాయి. నందుడు స్వర్గంలో అప్సరసలను చూసే పదవ సర్గ దాటిన తరువాత కథ వెనుకకు జరుగుతుంది, శిక్షణ ముందుకు వస్తుంది. శీలం, ఇంద్రియజయం, వితర్కాలను వదిలించుకొనే పద్ధతి, నాలుగు ఆర్యసత్యాలు సర్గలు సర్గలుగా వస్తాయి. కావ్యరసికునికి ఇది బరువు, భిక్షువుకు ఇదే కావ్యం. అశ్వఘోషుడు రెండు పక్షాలనూ ఎరిగి, పాళ్ళు కొలిచి కలిపాడు. తెలుగు జంటకవుల చేతిలో తేనె పాలు పెరిగింది. అది కావ్యంగా నష్టం కాదు. కాని తెలుగు సౌందరనందం చదివి అశ్వఘోషుని చదివినట్టే అనుకొనే పాఠకుడు సగం మందు తాగకుండానే గిన్నె దించినవాడు. మూలంలోని 13 నుంచి 16 వరకు సర్గలకు సరళమైన తెలుగు వచనం ఈ కావ్యం పక్కన ఉంటే ఆ లోటు తీరుతుంది.

జీవితచరిత్రలలో అంబేడ్కర్ 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' (1957) గురించి భిక్షువులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. నాలుగు నిమిత్తాలు చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న సంప్రదాయకథను ఆయన అంగీకరించలేదు. రోహిణీ జలాల తగవును కారణంగా చూపారు. ఆర్యసత్యాల స్థానం గురించి, కర్మ పునర్జన్మల గురించి, భిక్షుసంఘ ప్రయోజనం గురించి ప్రశ్నలు లేవదీశారు. ఈ నిర్ణయాలను ఒప్పుకోని పాఠకుడు కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి. తాను ఎక్కడ సంప్రదాయంతో విడిపోతున్నాడో అంబేడ్కర్ పీఠికలోనే నాలుగు ప్రశ్నలుగా చెప్పారు. చూసి వాదించడానికి తలుపు తెరిచే ఉంచారు. నిరుత్సాహం గ్రంథశరీరంలో ఉన్నది. సూత్రాల సారం, రచయిత వ్యాఖ్య ఒకే స్వరంలో కలిసి సాగుతాయి, మూలస్థలాలు చూపలేదు. దీనిని హిందీలోకి తెచ్చిన భదంత ఆనంద కౌసల్యాయన్ ఆ కొరతను గుర్తించి, పాళీ మూలాలు వెదికి సూచనలు చేర్చారు. రచయిత మీద గౌరవం, పాఠకుని మీద గౌరవం రెండూ ఆ పనిలో ఉన్నాయి. హిందీ చదివే జంషెడ్‌పూర్ పాఠకునికి ఆ సూచనల విలువ వెంటనే తెలుస్తుంది. ఒక వాక్యం మజ్ఝిమనికాయానిదా, బాబాసాహెబ్ వ్యాఖ్యయా అని చూసుకోగలిగినప్పుడు రెండింటి మీదా మన్నన పెరుగుతుంది.

చరిత్రలు: తేల్చి చెప్పే దోషం

నవల కల్పించినందుకు నిందించరాదు గాని, చరిత్ర అని పేరు పెట్టుకొని కల్పించే పుస్తకాలను విడిచిపెట్టరాదు. ఆంధ్ర బౌద్ధం మీద వచ్చే చిన్న పుస్తకాలలో రెండు ఉదాహరణలు తరచుగా కనిపిస్తాయి.

మొదటిది బావరి కథ. సుత్తనిపాతంలోని పారాయణవగ్గం ప్రకారం బావరి గోదావరి ఒడ్డున, అస్సక దేశ ప్రాంతంలో ఉండి పదహారుమంది శిష్యులను బుద్ధుని దగ్గరకు పంపాడు. తెలుగునేలకు బౌద్ధంతో ఉన్న సంబంధానికి ఇది అమూల్యమైన ప్రస్తావన. కాని ఈ వివరాలున్న వత్థుగాథలు తరువాతి చేర్పు కావచ్చునని పండితుల అభిప్రాయం. పారాయణానికి వ్యాఖ్య అయిన చుల్లనిద్దేసం వాటిని వ్యాఖ్యానించలేదు. కొన్ని పుస్తకాలు ఈ చర్చ జోలికి పోకుండా బావరి ఆశ్రమం గోదావరిలోని బాదనకుర్తి ద్వీపమేనని తేల్చివేస్తాయి. ఊహగా అది చెప్పదగినదే. నిర్ణయంగా చెప్పినప్పుడే దోషం.

రెండవది నాగార్జునుడు. నాగార్జునకొండలో ఆచార్యుడు నివసించాడని, అక్కడే మాధ్యమిక శాస్త్రం వ్రాశాడని ఎన్నో పుస్తకాలు చెబుతాయి. ఆ లోయలోని ఇక్ష్వాకు శాసనాలు విజయపురిని, శ్రీపర్వతాన్ని పేర్కొంటాయి గాని ఆచార్య నాగార్జునుని పేర్కొనవు. జగ్గయ్యపేట బుద్ధవిగ్రహం మీది శాసనంలో భదంత నాగార్జునాచార్యుని పేరు ఉన్నది. ఆయన శిష్యుడు జయప్రభుడు, అతని శిష్యుడు చంద్రప్రభుడు ఆ విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. ఆ లిపి మాధ్యమిక ఆచార్యుని కాలానికి శతాబ్దాల తరువాతిది. ఆచార్యునికి శాతవాహన రాజుతో స్నేహం ఉన్నదన్న సంప్రదాయం సుహృల్లేఖ ఆధారంగా బలంగానే ఉన్నది. ఆంధ్రదేశంతో ఆయన అనుబంధాన్ని కాదనవలసిన పని లేదు. సంప్రదాయం ఇంతవరకు, శాసనం ఇంతవరకు, ఊహ ఇక్కడి నుంచి అని మూడు వాక్యాలు వ్రాస్తే ఆచార్యుని గౌరవం తగ్గదు. శూన్యతను ప్రతీత్యసముత్పాదంగా బోధించిన ఆచార్యుని విషయంలో ఆధారం లేని నిశ్చయాన్ని అంటిపెట్టుకోవడం ఆయన బోధకే విరుద్ధం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. శ్రద్ధ లేకుండా ధర్మం నిలవదు, సందేహాలు పోగుచేస్తే పాఠకుడు శ్రద్ధ కోల్పోతాడు అని. అనుభవం అందుకు విరుద్ధంగా ఉన్నది. నిర్ణయంగా చెప్పిన మాట ఒకనాడు తప్పని తెలిసినప్పుడు పాఠకుడు ఆ మాటతోపాటు పుస్తకాన్ని, పుస్తకంతోపాటు ఆ విషయాన్నీ విడిచిపెడతాడు. హద్దు చూపి చెప్పిన మాట కొత్త ఆధారం వచ్చినప్పుడు సవరించుకొంటుంది, పాఠకుడు దానితోపాటు నడుస్తాడు. దూరాన ఉన్న తెలుగు కుటుంబాలలో ఇది మరింత నిజం. తెలుగు అక్షరమే సన్నగిల్లుతున్న ఇంట్లో ఒక పుస్తకం పోగొట్టుకొన్న నమ్మకాన్ని తిరిగి సంపాదించడానికి మరో తెలుగు పుస్తకం ఆ ఇంటికి చేరకపోవచ్చు.

చేయవలసినవి

ఈ తీర్పుల నుంచి తేలే పనులు పెద్దవి కావు. శాలిహుండానికి, రామతీర్థానికి, శంకరానికి తెలుగులో పుస్తకాలు కావాలి. కొలతలు అనుబంధంలోను, మనుషులు మొదటి పుటలలోను ఉండాలి. నాగార్జునకొండ శాసనాలలోని దాతల, పనివారల పేర్లు ప్రాకృతపాఠంతో, తెలుగు అర్థంతో ఒక చిన్న సంపుటంగా రావాలి. చారిత్రక నవలల కొత్త ముద్రణలకు ఆధారపుటలు చేర్చాలి. అనువాదకులు కౌసల్యాయన్ చూపిన దారిలో మూలస్థలాలు సూచించాలి. అనువాదం చేసే భిక్షువు, శాసనం చదివే పరిశోధకుడు ఒకే వ్రాతప్రతిని చూసి సరిదిద్దుకొంటే పుస్తకం రెండు త్రాసులలోనూ తూగుతుంది. ఆపైన ఒక సామాన్య పాఠకునికి ఆ ప్రతి ఇచ్చి, ఎక్కడ విసుగు కలిగిందో గుర్తు పెట్టమని అడగాలి. ఆ గుర్తులున్న పుటలను మళ్ళీ వ్రాయాలి.

ఇందుకు ఆలస్యం తగదనడానికి ఒక కారణం ఝార్ఖండ్‌లోనే ఉన్నది. 2020–21లో హజారీబాగ్ దగ్గర బహోరన్‌పూర్‌లో భారత పురావస్తు సర్వేక్షణ జరిపిన తవ్వకాలలో బౌద్ధ నిర్మాణాల శిథిలాలు, బుద్ధమూర్తులు, తారామూర్తి బయటపడ్డాయి. రాహుల్ కథలకు ముందుమాట వ్రాసిన జైలు ఉన్న ఊరికి అది దగ్గరి చోటు. ఆ క్షేత్రాన్ని గురించి సామాన్యుని చేతికి అందే మొదటి పుస్తకం ఏ భాషలో వచ్చినా, అక్కడ ఏది దొరికింది, ఏది ఊహించారు అన్న తేడాను అది చూపితే తరువాతి పుస్తకాలు దాని వెంట నడుస్తాయి. చూపకపోతే బాదనకుర్తి మాట వలె మరొక నిర్ణయం పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతుంది. దానిని వెనక్కి లాగడానికి మరో తరం పరిశోధకులు శ్రమపడవలసి వస్తుంది.